గుమ్మెట కడుపులోని గాలి

పాల్కురికి సోమన బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కథ ఉంది. కుండలు చేయడం ఆయన వృత్తి, శివుడిని తలుచుకోవడం ఆయన ఊపిరి. ఈ రెండింటి మధ్య ఆయన గోడ కట్టుకోలేదు. తాను చేసిన కుండనే వాద్యంగా పట్టుకుని దాని మీద దరువు వేస్తూ ఆడేవాడు. ఆ దరువుకు శివుడే దిగివచ్చి అతనితో కలిసి ఆడాడని కథ. కన్నడ దేశంలోనూ ఈ భక్తుడు ప్రసిద్ధుడే. హరిహర కవి ఆయన మీద రగళె రాశాడు. బీదర్ జిల్లా భాల్కి ఆయన ఊరని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథను తెలుగు ద్విపదలోకి తెచ్చిన సోమన మాత్రం మన జనగామ జిల్లా పాలకుర్తి మనిషి.

ఆ కథలో నన్ను పట్టి ఉంచేది శివుడి ఆట కన్నా గుండయ్య పట్టుకున్న కుండ. ఆయన వీణ కోసం వెతుక్కోలేదు, మద్దెల కొనుక్కోలేదు. తన చేతి పనిలోనే నాదం ఉందని ఆయనకు తెలుసు. కుండను కొట్టి చూసి కొనే అలవాటు మనకు ఇప్పటికీ ఉంది. వేలి మెటికతో తట్టినప్పుడు ఖంగున మోగితే బాగా కాలిందని తీసుకుంటాం, మొద్దుగా పలికితే పక్కన పెడతాం. కుమ్మరి మాత్రం ఆ మోతను వందల కుండల్లో, రోజూ వింటాడు. ఏ మట్టి ఎలా పలుకుతుందో ఆయన చెవికి తెలిసినంతగా ఏ సంగీత విద్వాంసుడికీ తెలియదు.

సోమన ఊరు పాలకుర్తి మండలంలోనే ఒక గూడూరు ఉంది. మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైన మరో గూడూరు ఉంది. రెండూ నిన్నమొన్నటి దాకా ఒకే వరంగల్ జిల్లాలోని ఊళ్లు. ఈ నేలకు చెరువులు ఎంత పాతవో కుమ్మరం కూడా అంత పాతది. గురిగి, పటువ, కడువ, కాగు, మూకుడు, రంజన్, పెళ్లికి ఐరేని కుండలు, పండుగకు బోనం కుండ, ఇంట్లో దేవుడి మూలన కూరాడు. పుట్టుక నుంచి చావు దాకా ప్రతి మలుపులోనూ కుమ్మరి చెయ్యి కనిపిస్తుంది. అయితే ఆ చెయ్యి వాద్యం కూడా చేసిందన్న సంగతి మనం దాదాపు మరిచిపోయాం. ఆ వాద్యం పేరు గుమ్మెట.

జనగామ ప్రాంతపు వాద్యాలంటే ముందుగా ఒగ్గు డోలు గుర్తొస్తుంది. చుక్క సత్తయ్య ఒగ్గుకథతో ఆ డోలు మోతను దేశమంతా వినిపించాడు. ఇదే జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటకు మద్దెల ప్రాణం. డప్పు లేని ఊరు అసలే లేదు. వీటి ఒళ్లు చెక్కతోనో లోహంతోనో చేసినవి. గుమ్మెట ఒళ్లు మట్టి. బుడిగె అని, డక్కీ అని కూడా అంటారు. పొట్ట ఉబ్బి, మెడ సన్నబడి, చూడగానే అడ్డంగా పట్టుకున్న చిన్న కుండలా ఉంటుంది. రూపం ప్రాంతానికొక తీరు. కొన్నిచోట్ల రెండు ముఖాలకూ తోలు మూస్తారు. కొన్నిచోట్ల వెడల్పు ముఖానికే తోలు బిగించి రెండో కొసను తెరిచి ఉంచుతారు. ఆ తెరిచిన కొస దగ్గరే అసలు విద్య ఉంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

గుమ్మెటను ఊరూరా మోసినవాళ్లు జంగాలు. భర్త భుజాన తంబుర పెట్టుకుని, కుడిచేతి బొటనవేలికి అందె తొడుక్కుని కథ ఎత్తుకుంటే, ఇంటి ఆడవాళ్లు పక్కన నిలబడి గుమ్మెట వాయిస్తూ వంత పాడేవాళ్లు. జంగం కథ అన్నా, తెలంగాణలో శారద కథ అన్నా ఆ కుటుంబ కళే. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని అందుకుని బుర్రకథగా మలిచింది. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంతగాడు, మరో పక్క రాజకీయం చెప్పే వంతగాడు. ఆ ఇద్దరి చేతుల్లోనూ గుమ్మెటలే. షేక్ నాజర్ ఆ కళను శిఖరానికి చేర్చాడు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయంటే ఆ దరువు ఎవరి గుండెల్లో మోగిందో ఊహించుకోవచ్చు. తెలంగాణ రైతాంగ పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ పాలకుర్తి ఈ చుట్టుపక్కలివే. ఇక్కడి జనానికి కథ అంటే పొద్దు గడుపుకునే పని మాత్రమే కాదు.

తర్వాత గుమ్మెట ఒంటికి ఇత్తడి వచ్చింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. కథ చెప్పేవాళ్లు బండెక్కీ బస్సెక్కీ తిరగాలి. ఇత్తడి గుమ్మెట కింద పడితే సొట్ట పడుతుంది, మట్టి గుమ్మెట పడితే ముక్కలవుతుంది. మైకు వచ్చాక మోత ఎంత గట్టిగా ఉంటే అంత మేలన్న అభిప్రాయం కూడా బలపడింది. పొట్టకూటి కోసం ఊళ్లు తిరిగిన కళాకారులు చేసిన ఎంపిక అది. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ మార్పుతో ఒక నాదం పోయింది. దాన్ని చేయగలిగిన కుమ్మరి వాద్యకారుల వరుసలోంచి జారిపోయాడు. నాకు బాధ కలిగించేది ఈ రెండోది.

గుమ్మెట మోగినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. తోలు మీద వేలు పడగానే తోలు కదులుతుంది. ఆ కదలిక లోపలి గాలిని నొక్కుతుంది. గాలి సన్నని మెడలోంచి బయటికి తోసుకొస్తుంది, మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఇది సెకనుకు వంద సార్లకు అటూ ఇటూగా సాగితే మనకు ఒక గంభీరమైన స్వరంగా వినిపిస్తుంది. పొట్ట ఎంత పెద్దదైతే స్వరం అంత కిందికి దిగుతుంది. మెడ రంధ్రం ఎంత వెడల్పైతే స్వరం అంత పైకి లేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పంతొమ్మిదో శతాబ్దంలో ఈ సూత్రాన్ని గణితంగా రాసిపెట్టాడు. గుమ్మెట వాయించేవాళ్లకు అది చేతికే తెలుసు. ఒక చేతి వేళ్లు తోలు మీద ఆడుతుంటే, రెండో అరచేయి తెరిచిన కొసను కాస్త మూస్తుంది, కాస్త తెరుస్తుంది. చెయ్యి దగ్గరికి వస్తే స్వరం కిందికి జారుతుంది, దూరం జరిగితే పైకి ఎగుస్తుంది. కథలో ఏడుపు వచ్చినప్పుడు గుమ్మెట మూలిగినట్టు వినిపించడానికి కారణం ఆ అరచేయే.

మృదంగం తీరు వేరు. దాని కుడి ముఖానికి మధ్యలో కరణె పెడతారు. ఆ నల్లటి ముద్ద బరువు వల్లే తోలు వాద్యం తీగ వాద్యంలాగా శుద్ధ స్వరాలు పలుకుతుందని సి.వి. రామన్ 1920లో నేచర్ పత్రికలో వివరించాడు. గుమ్మెటకు ఆ ముద్ద లేదు. అందుకే అది శ్రుతి పట్టుకుని కూర్చోదు, మాటలాగా వంగుతుంది. కథ చెప్పే వాద్యానికి కావలసిన గుణం అదే.

మరి మట్టి ఒళ్లు ఎందుకు? ఇత్తడి గోడకు తన సొంత మోత ఉంది. కొడితే అది కూడా గణగణమని చాలాసేపు పలుకుతుంది. మట్టి గోడ తన మాట తొందరగా ముగించి గాలికి వదిలేస్తుంది. పై స్థాయి గరగర అణిగిపోయి గుండ్రటి అడుగు స్వరం మిగులుతుంది. మనిషి గొంతు పక్కన నిలబడే వాద్యానికి ఈ వినయం అవసరం. గొంతును మింగేసే మోత కథకు శత్రువు.

ఇక చేయడం. మొదట మట్టి. ఎండాకాలం చెరువు అడుగు తేలినప్పుడు తీసిన ఒండ్రు మట్టి మెత్తగా సాగుతుంది. కానీ అదొక్కటే వాడితే ఆరేటప్పుడు బీటలు వారుతుంది. దానికి ఎర్రమట్టి, సన్న ఇసుక కలపాలి. ఇసుక రేణువులు తేమ బయటికి పోవడానికి దారి ఇస్తాయి, గోడకు ఎముకల్లా నిలబడతాయి. ఈ ప్రాంతపు చెరువులు చాలా వరకు కాకతీయులు తవ్వించిన వ్యవస్థలోవి. మహబూబాబాద్ జిల్లా గూడూరుకు దగ్గరలోని పాఖాల చెరువు గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. అదే 1213లో వెలసిన రామప్ప గుడి శిఖరంలో నీటి మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. మట్టిలో కాలిపోయే పదార్థం కలిపి, కాల్చాక లోపల ఖాళీలు మిగిలేలా చేసిన పని అది. మట్టిలో గాలిని ఎక్కడ ఎంత ఉంచాలో తెలిసిన చేతులు ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద ఉన్నాయి. ఆ గుడి స్తంభాల మీద నాట్యగత్తెలు, వాద్యకారులు ఉన్నారు. గణపతిదేవుడి గజసేనాని జాయప నృత్తరత్నావళి రాసిందీ ఆ శతాబ్దంలోనే.

మట్టిని నానబెట్టాలి, రాళ్లు ఏరాలి, కాళ్లతో తొక్కాలి, మళ్లీ చేత్తో పిసకాలి. లోపల గాలి బుడగ మిగిలితే కుండలు కాల్చే ఆవంలో అది పగులుకు దారితీయవచ్చు. వాద్యానికి వాడే మట్టిని మామూలు కుండ మట్టి కన్నా ఎక్కువ రోజులు మాగనివ్వాలి. మాగిన మట్టి వేళ్లకు ఎదురు చెప్పదు.

గుమ్మెటను సారె మీద చేయవచ్చు. కాకపోతే దానికి రెండు మూతులు, ఉబ్బిన పొట్ట, సన్న మెడ ఉంటాయి కాబట్టి సారె మీద రెండు ముక్కలుగా తీసి తర్వాత అతకాలి. నాకు ఇష్టమైన పద్ధతి మాత్రం సారె లేకుండా చేతితో కట్టడం. మట్టిని వేలి మందం తాళ్లుగా చాపి, ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ గోడ లేపుతారు. నాలుగైదు చుట్లు వేశాక ఆగి ఆరనివ్వాలి. ఆగకుండా లేపితే పై బరువుకు కింది గోడ కుంగుతుంది. ప్రతి చుట్టునూ లోపలా బయటా వేలితో కిందికీ పైకీ రుద్ది కలిపేయాలి. కలవని చోట తర్వాత గాలి చొరబడుతుంది, మోత చీలుతుంది. అతికే రెండు అంచులనూ ముందు గీతలు గీసి గరుకు చేస్తారు, పలచటి మట్టి జాలు పూస్తారు, అప్పుడు నొక్కుతారు. గోడ పచ్చిగా ఉన్నా ఒంగని స్థితికి వచ్చినప్పుడు లోపల గుండ్రాయి పట్టి బయట చెక్కతో కొడతారు. మన కుండలన్నీ ఈ దెబ్బలతోనే పూర్తవుతాయి. సారె మీద అడుగు లేకుండా దిగిన కుండకు చెక్క దెబ్బలే అడుగు కడతాయి. ఆ దెబ్బలకు మట్టి రేణువులు దగ్గరపడి గోడ గట్టిపడుతుంది. గోడ మందం 6 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట మందం, ఒకచోట పలచన అయితే ఆరేటప్పుడే ఒకదాన్నొకటి లాక్కుని చీలుతాయి.

ఇలా చేతితో కట్టే విద్యకు మన దగ్గర చాలా పాత సాక్ష్యం ఉంది. కడప జిల్లా శంఖవరంలో పొట్టేలు ఆకారంలో ఉన్న మట్టి శవపేటిక దొరికింది. పెద్దరాతి సమాధుల కాలపు మనుషులు సారె మీద తిప్పలేనంత పెద్ద బోలు రూపాలను చేతులతో కట్టి, కాల్చి, పగలకుండా నిలబెట్టారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చాలా కుమ్మరి కుటుంబాల్లో సారె మగవాళ్లది. మట్టి తొక్కడం, పొయ్యిలు వేయడం, బొమ్మలు చేయడం, కుండకు రంగు పూయడం ఆడవాళ్ల పని. అంటే చేతికట్టు విద్య ఎక్కువగా ఆడవాళ్ల వేళ్లలో ఉంది. ఆ పనిని వాద్యం దాకా తీసుకెళ్లగలిగేది వాళ్లే. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018 నుంచి కరెంటు సారెలు పంచుతోంది. మంచి పనే, నడుము నొప్పి తగ్గింది. కానీ సారెకు అందని రూపాలు చేసే చేతులకు కూడా ఏదో ఒక ఆదరణ ఉండాలి.

మట్టి ఆరి కాలేసరికి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. వాద్యకారుడికి 20 సెంటీమీటర్ల ముఖం కావాలంటే పచ్చిమట్టిలో 22 పైచిలుకు పెట్టుకోవాలి. ఈ లెక్క మట్టి మట్టికీ మారుతుంది కనుక ముందు ఒక చిన్న బిళ్ల చేసి, గీత గీసి, కాల్చి, గీత ఎంత తగ్గిందో కొలుచుకోవాలి. ఆరబెట్టడం నీడలోనే. అంచులు ముందుగా ఆరతాయి కాబట్టి వాటి మీద తడిగుడ్డ కప్పి ఉంచాలి.

ఆవం వేసేటప్పుడు తొందర పనికిరాదు. మొదటి మంట నూరు డిగ్రీల దగ్గర చాలాసేపు నిలవాలి. గోడలో మిగిలిన నీరు ఆవిరై నెమ్మదిగా పోవాలి. వేగంగా వేడెక్కితే ఆ ఆవిరే గోడను పేల్చేస్తుంది. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. పనివాళ్లు ఆ అంకె చెప్పకపోవచ్చు. కానీ మర్నాటి దాకా ఆవం తెరవకూడదని, గాలి తగలనివ్వకూడదని తరాలుగా చెప్తూ వస్తున్నది ఇందుకే. కట్టె, పిడకలు, గడ్డితో వేసే మన ఆవంలో వేడి 700 నుంచి 900 డిగ్రీల దాకా చేరుతుంది. ఎరుపు కావాలంటే గాలి ఆడనిస్తారు. నలుపు కావాలంటే చివర్లో రంధ్రాలు మూసి పొగను లోపలే ఉంచుతారు.

కాలిన ఒళ్లు చేతికొచ్చాక రెండో వృత్తి మొదలవుతుంది. తోలు పని. మేక తోలును నానబెట్టి, సున్నంతో వెంట్రుకలు ఊడదీసి, గీకి, తడిగానే ముఖం మీద పరిచి లాగుతారు. చెక్క డోలుకు మేకు కొట్టవచ్చు, మట్టికి కొట్టలేం. కాబట్టి తోలును తాళ్లతో కట్టాలి, లేదా చింతగింజల జిగురుతో అంటించి బిగించాలి. ఆ తాడు జారకుండా మూతి కింద ఒక వలయం లాంటి గట్టు ముందే మట్టిలో పెట్టుకోవాలి. మూతి అంచు గుండ్రంగా నున్నగా లేకపోతే ఆరుతూ బిగుసుకునే తోలును అదే కోసేస్తుంది. ఆరే తోలు లాగుడు ఎంత బలమైనదంటే, అంచు పలచగా ఉంటే మట్టే విరుగుతుంది. కుమ్మరికి తోలు గురించి, తోలు పని చేసే మాదిగ కళాకారుడికి మట్టి గురించి తెలియకుండా మంచి గుమ్మెట తయారు కాదు. వాయించే జంగానికి ఆ ఇద్దరి పనీ తెలిసుండాలి. మూడు కులాల చేతులు ఒకే వస్తువులో కలిసిన సందర్భాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. అందులో ఎవరి పేరూ రాసుకోలేదన్నది వేరే విషాదం.

పూర్వం ఇలాంటి చిన్న చేతి వాద్యాలకు ఉడుము తోలు వాడేవాళ్లు. కంజిరకూ అదే, గోవాలో ఘుమట్‌కూ అదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఆపింది, ఆపవలసిందే. గోవా వాళ్లు మేక తోలుకు మారి, 2019లో ఘుమట్‌ను రాష్ట్ర వారసత్వ వాద్యంగా ప్రకటించుకున్నారు. ఘుమట్ కూడా మట్టి కుండే, ఒక కొసన తోలు, మరో కొస తెరిచి ఉంటుంది. మన గుమ్మెటకు తోబుట్టువు. ఆదిలాబాద్ గోండులు దండారీలో వాయించే గుమేల కూడా ఈ కుటుంబానిదే. వర్షాకాలం తోలు సడలుతుంది. ఆటకు ముందు నిప్పు సెగకు కాపుతారు. డప్పును కాపినట్టు మంటకు దగ్గరగా పెట్టకూడదు. తోలు ముఖాన్ని మాత్రమే నిప్పుల వైపు తిప్పి, దూరం నుంచి నెమ్మదిగా సెగ చూపాలి. మట్టికి ఒక పక్కన వేడి, ఒక పక్కన చలి పడదు.

ఇక్కడ నీటి సంగతి ఎత్తుతాను. మట్టి వాద్యం కట్టే చేతులే మట్టి ఫౌంటెన్లు కూడా కట్టగలవు. ఆ రెండూ వేర్వేరు పనులని నేను అనుకోను. భరతుడి నాట్యశాస్త్రం మద్దెలల పుట్టుకకు ఒక కథ చెప్తుంది. స్వాతి అనే ముని నీళ్ల కోసం కొలనుకు వెళ్తాడు. వాన మొదలవుతుంది. చిన్న, పెద్ద తామరాకుల మీద చినుకులు పడి తలో స్వరం పలుకుతాయి. ఆ వినికిడిని మనసులో పెట్టుకుని వచ్చి ఆయన వాద్యాలు కల్పించాడు. ఆ గ్రంథంలో వాద్యం ముఖానికి శ్రుతి కోసం నది ఒడ్డు మట్టి పూయమని కూడా ఉంది. అంటే మన సంప్రదాయం దరువును నీటి దగ్గరే నేర్చుకున్నానని చెప్పుకుంటోంది.

శాస్త్రం కూడా అదే వైపు చూపిస్తుంది. నీటి చుక్క నీటిలో పడినప్పుడు మోగేది నీరు కాదు. చుక్కతోపాటు చిక్కుకున్న గాలి బుడగ వణుకుతుంది. బుడగ చిన్నదైతే సన్న స్వరం, పెద్దదైతే లోతైన స్వరం. బెల్జియంలో పుట్టిన శాస్త్రవేత్త మిన్నార్ట్ 1933లో దీన్ని లెక్కగట్టాడు. గూడూరు మండలం సీతానగరం దగ్గర భీమునిపాదం జలపాతం కింద నిలబడినప్పుడు వినిపించే హోరులో మోగేవి ఆ లక్షల బుడగలే. గుమ్మెటలోనూ గాలే, జలపాతంలోనూ గాలే.

చేతితో ఫౌంటెన్ కట్టేవాళ్లు ఈ సంగతిని చెవితో వాడుకుంటారు. వెడల్పాటి తొట్టి అడుగున, దాని మీద రెండు మూడు గిన్నెలు, వాటి లోపలినుంచి నీరు పైకెక్కడానికి దాచిన గొట్టం, తొట్టిలో చిన్న మోటారు. నిర్మాణం ఇంతే. కష్టమంతా అంచులో ఉంది. గిన్నె పెదవి గుండ్రంగా ఉంటే నీరు దూకకుండా అడుగు వెంట వెనక్కి పాకుతుంది. పెదవిని కిందికి వంచి సన్నగా, పదునుగా తీర్చితేనే ధార విడిపడుతుంది. కింద పడేచోట నీరు లోతుగా ఉంటే గొంతు నిండుగా, పలచగా ఉంటే చిటపటగా వినిపిస్తుంది. కాబట్టి చేసేవాళ్లు పచ్చిమట్టి దశలోనే ఏ గిన్నె ఎంత లోతు ఉండాలో, ఏది ఎంత ఎత్తునుంచి దూకాలో నిర్ణయించుకోవాలి. ఆవంలో కాల్చిన ఎర్రమట్టి నీటిని పీల్చుకుంటుంది. రంజన్‌కు అది వరం. గోడలోంచి ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. ఫౌంటెన్‌కు మాత్రం అది ఇబ్బంది. మన బోరు నీటిలోని ఉప్పులు గోడ బయటికి వచ్చి తెల్లగా పేరుకుంటాయి, పాచి పడుతుంది. అందుకే లోపల గ్లేజు పూసి 1200 డిగ్రీలకు పైన కాల్చే స్టోన్‌వేర్ మట్టి వాడతారు. ఎర్రమట్టితోనే కావాలంటే లోపల వేరే తొట్టి పెట్టి, వాన నీరు పోసుకోవాలి. పెరూ ప్రాచీన కుమ్మరులు నీటిని, మట్టిని, నాదాన్ని ఒకే పాత్రలో కలిపారు. రెండు అరలున్న కూజా, మధ్యలో గొట్టం, పైన పిల్లంగోవి. వంచితే నీరు కదిలి, గాలిని తోసి, పాత్ర ఈల వేస్తుంది.

నైజీరియాలో ఇగ్బో స్త్రీలు నీళ్ల కుండకు పక్కన రెండో రంధ్రం పెట్టి ఉడు అనే వాద్యం చేశారు. తోలు ఉండదు, అరచేతితో రంధ్రం మీద కొడితే లోపలి గాలి మూలుగుతుంది. ఆ విద్యను నైజీరియా కుమ్మరి కళాకారుడు అబ్బాస్ అహువాన్ దగ్గర నేర్చుకుని ఫ్రాంక్ జియోర్జిని అమెరికాలో ఉడులు చేయడమే జీవితంగా పెట్టుకున్నాడు. మన పక్కనే తమిళనాడులో మానామదురై ఉంది. అక్కడి కుమ్మరులు ఘటం కోసం వేల దెబ్బలు కొట్టి గోడను గట్టిపరుస్తారు. శ్రుతి తేడా వస్తే కుండ పక్కకు వెళ్లిపోతుంది. ఘట విద్వాంసుడు విక్కు వినాయకరామ్ పాల్గొన్న ప్లానెట్ డ్రమ్ ఆల్బంకు గ్రామీ వచ్చింది. ఆయన శిష్యురాలు సుకన్యా రామ్‌గోపాల్ వేర్వేరు శ్రుతుల ఘటాలను వరుసగా పేర్చి ఘటతరంగం వాయించింది. కానీ నా మనసుకు దగ్గరైన వార్త ఇంకొకటి. ఘటం చేసే మీనాక్షి కేశవన్‌కు సంగీత నాటక అకాడమీ పురస్కారం ఇచ్చింది. వాయించినవారికి కాదు, చేసినవారికి. 2023లో మానామదురై ఘటానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మన జనగామ పక్కనే పెంబర్తి ఇత్తడి పనికి అలాంటి గుర్తింపు ఎప్పుడో వచ్చింది, అది న్యాయమే. అదే జిల్లా మట్టికి, అదే మట్టితో మోగిన గుమ్మెటకు ఎందుకు రాకూడదు? తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలయ్యాక వాటి పూడికమట్టి తవ్వి పొలాలకు తోలాం. అలాంటి మట్టిలో కొంత కుమ్మరుల వాకిట్లోకి రావడం పెద్ద పనేమీ కాదు. కావలసింది ఆర్డరు. పది మట్టి గుమ్మెటలు చేయమని, పగిలినవాటికి కూడా కూలి ఇస్తామని ఒక కుమ్మరి కుటుంబానికి ముందుగా మాట ఇవ్వాలి. ఆవంలో మొదట కొన్ని పోతాయి, ఆ నష్టం చేసేవాళ్ల నెత్తిన పడకూడదు. పచ్చి ఒళ్లు నీడలో ఆరుతుండగానే శారద కథ చెప్పే కళాకారుడిని, తోలు బిగించే మనిషిని అక్కడికి పిలవాలి. మెడ రంధ్రం తన అరచేతికి సరిపోతుందో లేదో ఒకరు చూసుకోవాలి, మూతి కింద గట్టు తాడుకు ఆనుతుందో లేదో మరొకరు చెప్పాలి. మట్టి పచ్చిగా ఉన్నంతసేపే ఆ మార్పులు సాధ్యం. పూర్తయిన ప్రతి గుమ్మెట లోపలి గోడ మీద, తోలు మూయకముందే, ముగ్గురి పేర్లూ గీయించాలి.